సంతాప సభ సరే, శాక్సఫోన్ సంగతేంటి?

జీవితమంతా జాజ్ విని, డ్యూటీ అయ్యాక సాయంత్రాలు వాయించుకున్న మనిషి పోతే మన ఊళ్లో ఏం జరుగుతుందో ముందే చెప్పేయొచ్చు. ఫొటోకి దండ పడుతుంది. రెండు నిమిషాల మౌనం. "గొప్ప సంగీత ప్రియులండీ" అని నలుగురు మాట్లాడతారు. ఎవరో ఫోన్లోంచి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని పెడతారు, అదీ మధ్యలో కాల్ వచ్చి ఆగిపోతుంది. పెద్దకర్మ అయిన నెలకి గది ఖాళీ చేయాలన్న మాట బయల్దేరుతుంది. రికార్డులు కిలోల లెక్కన పాత సామాన్లవాడికి, శాక్సఫోన్ అటక మీదికి, క్యాసెట్లు చెత్తబండిలోకి.

సికింద్రాబాద్ మెట్టుగూడలో ఈమధ్య పోయిన ఒక పెద్దాయన గది ఇప్పుడు సరిగ్గా ఈ దశలో ఉంది. పేరు రాయడం లేదు, బతికుండగా కూడా ఆయన పేరు కోసం పాకులాడిన మనిషి కాదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఒక ఆల్టో శాక్సఫోన్, గోడ పొడవునా ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు), రెండు అట్టపెట్టెల క్యాసెట్లు, కొన్ని రూళ్ల నోటుబుక్కులు మిగిలాయి. నేననేది ఒక్కటే. ఈ సరంజామాని మళ్లీ మోగే స్థితికి తెచ్చి, వాయించేవాళ్ల చేతిలో పెడితేనే ఆయన్ని గుర్తుపెట్టుకున్నట్టు. మ్యూజియం అద్దాల బీరువా కూడా నా దృష్టిలో అటకలాంటిదే, కాకపోతే కాస్త వెలుతురుంటుంది.

"కచేరీలు చేయలేదు, రికార్డు తేలేదు, ఇక దాచడానికేముంది?" అని అడిగేవాళ్లున్నారు. ఈ ప్రశ్న తిరగేసి చూడాలి. 1955 జనవరిలో వాయిస్ ఆఫ్ అమెరికా షార్ట్‌వేవ్‌లో విల్లిస్ కనోవర్ జాజ్ కార్యక్రమం మొదలైంది. చట్టం అడ్డం ఉండి అమెరికాలో వాళ్లకి ఆ రేడియో ప్రసారం చేసేది కాదు, సికింద్రాబాద్‌లో రేడియో ఉన్నవాడికి మాత్రం వినిపించేది. జాజ్ పియానిస్టులు డేవ్ బ్రూబెక్ 1958లో, డ్యూక్ ఎలింగ్టన్ 1963లో అమెరికా ప్రభుత్వం పంపితే మన దేశంలో పర్యటించారు. 1978లో బొంబాయిలో జాజ్ యాత్ర అనే ఉత్సవం మొదలైంది, శాక్సఫోన్ వాద్యకారుడు సోనీ రోలిన్స్ వచ్చి వాయించాడు. చరిత్ర రాసేవాళ్లు ఈ నాలుగు తేదీలూ రాసి ఊరుకుంటారు. మరి ఒక తేదీకీ ఇంకో తేదీకీ మధ్య ఏళ్లలో ఈ సంగీతం ఎవరి దగ్గరుంది? బొంబాయిలో గోవా వాద్యకారులకి సినిమా స్టూడియోలు తిండి పెట్టాయి. ఇక్కడ జాజ్ వాయించి ఇల్లు గడుపుకునే వీలు ఎప్పుడూ పెద్దగా లేదు. కాబట్టి జాజ్‌ని నిలబెట్టింది పొద్దున హాజరు వేయించుకుని, రాత్రి రేడియో ముందు పెన్సిల్ పట్టుకుని కూర్చున్నవాళ్లు. వాళ్లని సగం కళాకారులుగా లెక్కేస్తే ఈ ఊరి జాజ్‌లో మిగిలేది సున్నా.

ముందు శాక్సఫోన్ చూద్దాం, ఎందుకంటే ఆలస్యమయ్యేకొద్దీ ఎక్కువ చెడేది అదే.

ఏళ్ల తరబడి పెట్టెలో పడున్న ఆల్టోని చూడగానే ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని ఇత్తడి పాలిష్‌తో తోమడం. దయచేసి వద్దు. పాలిష్ పిండి కీళ్ల రాడ్లలోకి దిగి నూనెతో కలిసి సాన పట్టే ముద్దలా తయారవుతుంది, కీలు అరిగి వదులవుతుంది. పైనున్న లక్కర్ పూత కూడా లేచిపోతుంది. నల్లబడ్డ ఇత్తడి వల్ల శబ్దానికి వచ్చే నష్టం ఏమీ లేదు. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.

అసలు సమస్య ప్యాడ్లు. రంధ్రాల మీద మూతల్లా కూర్చునే ఈ తోలు బిళ్లలు ఆల్టోలో పాతిక దాకా ఉంటాయి. తోలు కింద ఫెల్టు, దాని కింద అట్ట. వానాకాలం చెమ్మ, ఏప్రిల్ ఎండ మార్చి మార్చి తగిలితే తోలు బిరుసెక్కి అంచులు చిట్లుతాయి, గాలి కారుతుంది. ఇంట్లోనే పరీక్ష చేయొచ్చు. చీకటి గదిలో సన్నటి ఎల్‌ఈడీ దీపాల తీగని గొట్టంలోకి దించి, ఒక్కో మీటనీ మూసి చూడాలి. అంచు చుట్టూ వెలుతురు కనిపిస్తే అక్కడ లీకు. ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. మీటని గట్టిగా అదిమితే ఏ లీకైనా మూసుకుపోయినట్టే కనిపిస్తుంది. వేలు ఆనించీ ఆనించనట్టు మూసినప్పుడు కూడా చీకటిగా ఉంటేనే ప్యాడ్ బాగున్నట్టు. పరీక్ష ఎప్పుడూ పైనుంచి కిందికి చేయాలి. కింది బీ ఫ్లాట్ స్వరం పలకడం లేదంటే తప్పు కింద ఉందనుకుని అక్కడే తిప్పలు పడతారు, చాలాసార్లు కారేది పైన జీ షార్ప్ ప్యాడ్ దగ్గర. పైన చిన్న లీకున్నా దాని కింద ఉన్న స్వరాలన్నీ వణుకుతాయి.

జీ షార్ప్ ప్యాడ్‌కి ఇంకో జబ్బు కూడా ఉంది, రంధ్రానికి అంటుకుపోతుంది. ఆ మీటకి తెరిచే స్ప్రింగ్ బలహీనం, పైగా ఉమ్మి తడి చేరే చోటు. పలచటి కాగితం ముక్క ప్యాడ్ కింద పెట్టి, మెల్లగా మూసి, తెరిచి తీసేయాలి. మూసి ఉండగా లాగితే తోలు లేచొస్తుంది.

రిపేరుకి మన ఊళ్లో సులభంగా దొరికేది పెళ్లి బ్యాండ్ మేళాల వాళ్ల దగ్గర పనిచేసే మేస్త్రీలు. సొట్టలు తీయడంలో, ఊడిన పోస్టుకి (రాడ్లని పట్టి ఉంచే చిన్న స్తంభానికి) టంకం పెట్టడంలో వాళ్లకున్నంత పనితనం నేను ఇంకెక్కడా చూడలేదు. ప్యాడ్ల విషయంలో మాత్రం పక్కన నిలబడి చూసుకోవాలి. బ్యాండ్‌లో రోడ్డు మీద పెద్దగా ఊదాలి కాబట్టి కొంచెం లీకున్నా వాళ్లకి పని జరుగుతుంది, జాజ్‌లో కింది స్వరాలు సన్నగా పలకాలంటే జరగదు. ప్యాడ్ అర మిల్లీమీటరు మందం ఎక్కువైనా వెనక అంచు ముందు మూసుకుని ముందు అంచు తెరుచుకునే ఉంటుంది. ఫెవికాల్ పెట్టనివ్వకండి, మళ్లీ సర్దడానికి వీలుండదు. లక్క పెట్టమనండి, వేడి చేస్తే కరిగి ప్యాడ్‌ని కదపనిస్తుంది. రాడ్ల చివర ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె చాలు, స్ప్రింగులు తుప్పుపట్టి ఉంటే విరక్కముందే మార్పించాలి.

మౌత్‌పీస్, అంటే నోట్లో పెట్టుకుని ఊదే భాగం, ఎబొనైటుది (గట్టి రబ్బరు). వేడినీళ్లలో వేశారంటే రంగు ఆకుపచ్చగా తిరిగి గంధకం వాసన కొడుతుంది, ఆ రంగు మళ్లీ పోదు. గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, అంతే. పెద్దాయన మౌత్‌పీస్ మీద పై పళ్లు ఆనే చోట రెండు గుంటలు పడ్డాయి. ఇన్నేళ్లూ పళ్లు ఒకేచోట ఆనించి వాయించాడని అర్థం. కొత్తగా వాయించేవాడికి ఆ గుంటలు సరిపోవు, నోరు వాటిలోకి జారి శ్రుతి చెడుతుంది. సాన పట్టించకుండా పైన రబ్బరు ప్యాచ్ అంటిస్తే సరిపోతుంది.

రీడ్ల గురించి, అంటే మౌత్‌పీస్‌కి బిగించే, ఊదితే కంపించే పలచటి రెల్లు పలకల గురించి, రెండు ముక్కలు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకి రీడు కొన అలల్లా వంగిపోతుంది, ఊదితే గాలి తప్ప ఏమీ రాదు. రెండు నిమిషాలు నీళ్లలో ఉంచి, అద్దం మీద చదునుగా వేలితో ఒత్తితే సర్దుకుంటుంది. మూడు నాలుగు రీడ్లు వరుస మార్చి వాడాలి. ఆగస్టులో తడి రీడుని మౌత్‌పీస్‌కే వదిలేస్తే వారంలో నల్ల బూజు.

ఇక రికార్డులు. బరువు చాలామంది ఊహించరు. అట్టతో కలిపి ఎల్పీ పావుకిలోకి దగ్గరగా తూగుతుంది, అరవై రికార్డుల పెట్టె సుమారు పదిహేను కిలోలు. అంతకన్నా పెద్ద పెట్టె కడితే అడుగు ఊడుతుంది. ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి, అదీ ఒరగకుండా. పడుకోబెట్టి దొంతర పెడితే కింది వాటి మీద పై బరువంతా పడి గీతల్లోకి దుమ్ము అదుముకుంటుంది. ఎండాకాలం పడమటి గోడకి ఆనించిన ఇనుప బీరువా కన్నా చెడ్డ చోటు లేదు. బయట 40, 42 డిగ్రీలున్న రోజు సాయంత్రం ఆ బీరువా తలుపు ముట్టుకుని చూడండి. వినైల్ కరగక్కర్లేదు, కొంచెం మెత్తబడి, కొంచెం ఒరిగితే చాలు, అంచు వంకర తిరుగుతుంది. ఆ వంకర తీయడానికి ఇస్త్రీపెట్టె వాడే వీరులున్నారు, వాళ్లకి నేను చెప్పగలిగిందేమీ లేదు.

కడగడానికి బోరు నీళ్లు వద్దు. మన బోరు నీటిలో సున్నం ఎక్కువ, ఆరాక గీతల అడుగున తెల్లటి పొర మిగిలి చిటపటలు పెరుగుతాయి. బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్ లీటరుకి రెండు మూడు చుక్కల వాసనలేని ద్రవ సబ్బు, మెత్తటి బ్రష్, గీతల దారినే గుండ్రంగా. తర్వాత వట్టి డిస్టిల్డ్ నీటితో ఇంకోసారి. కాగితం లేబుల్ తడవకూడదు. ఆయన దగ్గర 78 ఆర్పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులు కూడా కొన్ని ఉన్నాయి. అవి లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే పైపొర కరుగుతుంది. వాటికి సూది కూడా వేరు. ఎల్పీ స్టీరియో సూది మొన 18 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, 78కి 75 దాకా కావాలి. సన్న సూది పెడితే గీత అడుగునున్న మురికిలో దొర్లుతూ పాట కన్నా బురబురే ఎక్కువ వినిపిస్తుంది. జనం దాన్ని రికార్డు తప్పనుకుని పారేస్తారు.

వెలకట్టేవాళ్లు వచ్చినప్పుడు పేరున్న పది రికార్డులు ఏరుకుని మిగతావి వద్దంటారు. ఒప్పుకోకూడదు. వాళ్లు అట్ట శుభ్రంగా ఉన్నదాన్ని ఏరుకుంటారు, మనకి పనికొచ్చేది పెన్సిల్ గీతలున్నది. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి కైండ్ ఆఫ్ బ్లూ ఎల్పీ అట్ట వెనకాల పెద్దాయన రాసుకున్న ఒక వరుస ఉంది: "సైడు 1, మౌత్‌పీస్ లోపలికి. సైడు 2, మామూలే." చూసినవాళ్లకి పిచ్చిరాతలా ఉంటుంది. నిజానికి ఆ ఆల్బమ్ మొదటి సైడు పాటలు రికార్డు చేసిన టేప్ మెషీను కొంచెం నిదానంగా తిరిగింది. మామూలు వేగంతో అచ్చేసేసరికి ఆ సైడంతా అసలు కన్నా హెచ్చు శ్రుతిలో పడింది. 1990లకి ముందు వచ్చిన ప్రతుల్లో ఈ తప్పు అలాగే ఉంది, తర్వాతి ముద్రణల్లో దిద్దారు. మౌత్‌పీస్ లోపలికి తోస్తే శ్రుతి పెరుగుతుంది కదా, ఆయన రికార్డుతో కలిసి వాయిస్తూ తన చెవితోనే ఆ తేడా పట్టి సర్దుకున్నాడు. ఈ ఒక్క పెన్సిల్ వరుస చాలు, ఆయన ఎలాంటి శ్రోతో చెప్పడానికి. అందుకే అట్టలు మార్చొద్దు, రబ్బరుతో తుడవొద్దు. పైన పాలిథీన్ తొడుగు వేయండి. పీవీసీ తొడుగు మాత్రం వద్దు, కొన్నేళ్లకి రికార్డు మీద మసక పొర దిగుతుంది.

క్యాసెట్లలో సగం రేడియో నుంచి పట్టినవి, సగం ఆయనా స్నేహితులూ వాయించుకున్నవి. రెండోవే ముందు కాపీ చేయాలి, వాటికి ప్రపంచంలో ఇంకో ప్రతి లేదు. పాత క్యాసెట్‌ని తీసి వెంటనే ప్లే నొక్కకండి. ముందు కిటికీలోంచి చూస్తే టేపు వెనకాల రాగి రేకు మీద చిన్న ఫెల్టు మెత్త ఉండాలి. జిగురు ఎండి అది రాలిపోయుంటే శబ్దం మూగగా వస్తుంది. మరలున్న క్యాసెట్ అయితే విప్పి, పాడు క్యాసెట్లోంచి రేకు తెచ్చి పెట్టొచ్చు. తర్వాత ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాలి, పొరలు విడతాయి. 90 నిమిషాల టేపు 60 కన్నా పలచన, చక్రానికి జిడ్డుంటే ముందు నమిలేది దాన్నే. కాబట్టి ప్రతి రెండు మూడు క్యాసెట్లకీ టేపుని చదివే హెడ్‌ని దూదిపుల్లతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి.

ఎక్కువమంది వదిలేసే పని అజిమత్. హెడ్ నిలువు కోణం రికార్డు చేసిన మెషీనుదీ ఇప్పటి మెషీనుదీ ఒకటి కాకపోతే సింబల్స్ (డ్రమ్స్‌తో మోగే ఇత్తడి పళ్లేల) గలగలంతా పోయి దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. హెడ్ పక్కన ఉన్న చిన్న మరని పావు చుట్టు కూడా అక్కర్లేదు, ఇటూ అటూ తిప్పుతూ సింబల్ శబ్దం ఎక్కడ మెరుస్తుందో అక్కడ ఆపాలి. ఒక్కో క్యాసెట్‌కీ మళ్లీ చేయాలి. కంప్యూటర్లోకి 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా ఎక్కించండి, గరిష్ఠ స్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా. బుస తీసేసే సాఫ్ట్‌వేర్ మూల ప్రతి మీద వాడొద్దు, బుసతో పాటు డ్రమ్స్ మీద రాసే తీగ బ్రష్‌ల శబ్దమూ ఊడ్చుకుపోతుంది. జాజ్‌లో బ్రష్‌లే సగం ప్రాణం. కాపీ అయ్యాక కూడా క్యాసెట్లు పారేయకండి.

నోటుబుక్కుల దగ్గరికి వచ్చేసరికి సంగీతం తెలిసినవాళ్లు కూడా తప్పులో కాలేస్తారు. ఆల్టో 'ఈ ఫ్లాట్' వాద్యం. దాని కాగితం మీద సీ అని రాసుంటే బయటికి 'ఈ ఫ్లాట్' పలుకుతుంది. ఆయన "బ్లూస్, జీ" అని రాసుకున్నది (బ్లూస్ ఒక పాట రకం, జీ దాని శ్రుతి) పియానో వాడికి బీ ఫ్లాట్. ఈ సంగతి తెలియక నోటుబుక్కు ఫొటో తీసి కీబోర్డు కుర్రాడికి వాట్సాప్ చేస్తే ఇద్దరూ రెండు ఊళ్లలో వాయించినట్టుంటుంది. ఎవరైనా శుభ్రంగా తిరగరాసేటప్పుడు ప్రతి పేజీ పైనా "ఆల్టోకి" అనో "పియానోకి" అనో రాయడం తప్పనిసరి. స్కాన్ కలర్‌లోనే చేయాలి. ఆయన ముందు పెన్సిల్‌తో చెవికి అందింది రాసి, ఏళ్ల తర్వాత ఎర్ర ఇంకుతో దిద్దుకున్నాడు. నలుపు తెలుపులో ఆ రెండు వయసులూ కలిసిపోతాయి. తప్పు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఉన్నచోట దిద్దకుండా పక్కన సరైంది రాయండి. మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్ ఉండాల్సిన చోట వట్టి మైనర్ అని రాసుకున్నాడంటే, షార్ట్‌వేవ్ గరగరలో ఆ ఒక్క స్వరం ఆయనకి వినబడలేదన్నమాట.

మార్జిన్‌లో కర్ణాటక సంగీతం పేర్లు కూడా కనిపిస్తాయి. మైల్స్ డేవిస్ సో వాట్ పేజీ పక్కన "ఖరహరప్రియ" అని ఉంది. సరైనదే. 32 బార్లలో (బారు అంటే ఇక్కడ నాలుగు దెబ్బల ముక్క) మొదటి 16 డీ షడ్జంగా ఆ స్వరాలే, తర్వాత 8 అవే స్వరాలు అర మెట్టు పైకి, మళ్లీ 8 కిందికి. బ్రూబెక్ బృందం పాట టేక్ ఫైవ్ దగ్గర "ఖండం, 3+2" అని గుర్తు పెట్టుకున్నాడు. మన ఖండచాపు 2+3. మృదంగం అలవాటున్నవాళ్లు వేసే దెబ్బ అక్కడే తిరగబడుతుంది, అందుకే ఆ గుర్తు.

ఇది చూసి "జాజ్ అంటే మన మనోధర్మమేనండీ" అని తేల్చేసేవాళ్లంటే నాకు చిరాకు. సగం నిజం అది. కల్పనస్వరంలో రాగం అడుగున కదలకుండా ఉంటుంది, మనం తిరిగి ఎత్తుగడకి చేరాలి. జాజ్‌లో చాలా పాటల్లో అడుగు నేలే బారు బారుకీ మారుతుంది. ఇప్పుడు బాగున్న స్వరం రెండు క్షణాల తర్వాత అపస్వరం. స్వరజ్ఞానం బాగా ఉన్న మనవాళ్లు జాజ్‌లో తడబడేది ఇక్కడా, లయ దగ్గరా. మనకి చప్పట్లు ఒకటి, మూడు మీద పడతాయి, జాజ్ బరువు రెండు, నాలుగు మీద ఉంటుంది. సరిచేసుకోవడానికి ఆయన పద్ధతి నోటుబుక్కు మొదటి పేజీలోనే ఉంది. పాట వేగం నిమిషానికి 160 దెబ్బలైతే మెట్రోనోమ్‌ని (టిక్కులు కొట్టే యంత్రాన్ని) 80కి పెట్టాలి, ఆ టిక్కులు రెండు, నాలుగు అనుకుని మిగతా రెండు మనసులో లెక్కపెట్టాలి. మొదటి వారం టిక్కు జారి ఒకటి మీదికి వచ్చేస్తుంది. ఆపేసి మళ్లీ మొదలుపెట్టడమే.

ఇవన్నీ సిద్ధమయ్యాక చేతులు మార్చాలి. దానం చేయొద్దనే నా సలహా, అప్పుగా ఇవ్వండి. శాక్సఫోన్ మూడు నెలలకి ఒకరికి, ఆ మూడు నెలల్లో నలుగురితో కలిసి ఒక్కసారైనా వాయించకపోతే తర్వాతి వాళ్లకి. ఏ సంస్థకైనా ఇచ్చేస్తే జాబితాలో ఎక్కి తాళం పడే ప్రమాదమే ఎక్కువ. రికార్డులు ఒకే చోట ఉండాలి, వారానికి పది బయటికి, పది లోపలికి. సొంత వాయిద్యం ఫైళ్లు ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే ఎవరికైనా పంచొచ్చు. రేడియో టేపులు, కొన్న రికార్డులు ఇంటర్నెట్‌లో పెట్టే ముందు హక్కుల సంగతి చూసుకోవాలి.

ఆయన పేరున ఏదైనా చేయాలంటే వాయించే సాయంత్రం పెట్టండి. ఐదుగురు చాలు: ఆల్టో, కీబోర్డు, బాస్, డ్రమ్స్, ఇంకొక గాలి వాద్యం లేదా గిటార్. మేడ మీద అయితే డ్రమ్మర్‌కి బ్రష్‌లు ఇవ్వండి, కర్రలు ఇస్తే ఇరుగుపొరుగు వచ్చేస్తారు. రాత్రి 10 తర్వాత మైకు ఎలాగూ కుదరదు. శ్రుతికి కీబోర్డు 'ఏ' స్వరం ఇస్తే ఆల్టో ఎఫ్ షార్ప్ వాయించాలి. పాటలు ఐదు మించొద్దు. ప్రతివాడూ రెండు కోరస్‌లు (పాట మొత్తం రెండు చుట్లు) వాయించి తలూపి పక్కవాడికి ఇవ్వాలి. దారి తప్పితే ఆగకుండా బాస్ వినాలి, బాస్ కూడా తప్పితే అందరూ కలిసి పాట మొదటికి వచ్చేయాలి. ప్రసంగాలుంటే ఇడ్లీ ప్లేట్లు తిరిగేటప్పుడు కానిచ్చేయండి. మొదటి పాట ఆయన నోటుబుక్కులోని బ్లూస్, పియానోకి బీ ఫ్లాట్‌లో, 120 వేగంతో. కుర్రాళ్లు 200లో ఎత్తుకుంటామంటారు, వినకండి.